బెణికిన చీలమండ, కొబ్బరి చిప్ప పలక: 84 రోజుల ప్రాజెక్టు డైరీ

నేను అమలాపురంలో ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారిని. వయసు 43. ఆరేళ్లుగా ఉదయం అయిదున్నరకల్లా షటిల్ కోర్టుకు చేరుకోవడం అలవాటు. డిసెంబరు చివరి ఆదివారం అక్కడే నా కుడి చీలమండ బెణికింది. ఏటా పిల్లల చేత ప్రాజెక్టు రికార్డులు రాయించేవాడిని కాబట్టి, ఈసారి నా కాలినే ప్రాజెక్టుగా పెట్టుకుని, రూళ్ల నోటుపుస్తకంలో కొలతలు వేస్తూ వచ్చాను. ఆ పుస్తకంలోని రాతలనే కొంత సర్ది ఇక్కడ పెడుతున్నాను.

0వ రోజు

డబుల్స్ ఆటలో వల దగ్గరకు డ్రాప్ వచ్చింది. నేనూ, నా జోడీ ఆటగాడూ ఇద్దరం దాని కోసం ఉరికాం. నేను ఎగిరి దిగేటప్పుడు కుడి పాదం ఆయన బూటు మీద పడి లోపలి వైపుకు మడత పడింది. టక్కుమన్న చప్పుడు నాకు చెవితో కన్నా కాలితోనే ఎక్కువ వినబడింది. నిమిషంలో గిలక (చీలమండ పక్కన ఉబ్బెత్తుగా కనిపించే ఎముక) కింద కోడిగుడ్డంత వాపు లేచింది.

తరువాత జరిగినది మన ఊళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా జరిగేదే. ఒకాయన పాదం పట్టుకుని "ఒక్క లాగు లాగితే సర్దుకుంటుందండి మాస్టారూ" అన్నారు. మరొకరు చింతపండూ ఉప్పూ ఉడికించి వేడివేడిగా పట్టు వేయమన్నారు. మూడో ఆయన పుత్తూరు కట్టు కట్టించుకోమని, బస్సు ఎక్కడ మారాలో కూడా చెప్పారు. వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు మీద మన జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు. కానీ ఎముక విరిగిందో లేదో తేలకముందే లాగడం, మర్దన చేయడం, వేడి పెట్టడం మూడూ తప్పే. అప్పుడే తెగిన చోట వేడీ మర్దనా రక్తస్రావాన్నీ వాపునూ పెంచుతాయి. నేను కాలిని పక్కనున్న కుర్చీ మీదికి ఎత్తి పెట్టి, ఎవరినీ తాకనివ్వలేదు.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఎక్స్‌రే రాసే ముందు చేసిన పరీక్ష నాకు లెక్కల సిద్ధాంతంలా నచ్చింది. కెనడాలోని ఒటావాలో వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలవి. బయటి గిలక ఎముక, లోపలి గిలక ఎముక కింది 6 సెంటీమీటర్ల మేర వెనుక అంచు మీద గానీ, కొన మీద గానీ నొక్కితే నొప్పి ఉందా, చిటికెన వేలికి వెళ్లే పాదపు ఎముక మొదట్లో గానీ పాదం లోపలి వైపు నడుమ ఉండే నావ ఆకారపు ఎముక మీద గానీ నొప్పి ఉందా, దెబ్బ తగిలిన వెంటనేనూ ఇప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేని స్థితి ఉందా అని చూస్తారు. వీటిలో ఒక్కటి కూడా లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ కాబట్టి ఎక్స్‌రే అవసరం పడదు. నేను కుంటుతూ నాలుగు అడుగులు వేశాను గానీ, బయటి గిలక కొన మీద నొక్కగానే బల్ల మీద నుంచి లేచి కూర్చున్నాను. ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగానే ఉన్నాయి. లిగమెంటు, అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ, కొంత మేర తెగిందని, ఇది రెండో స్థాయి బెణుకని చెప్పారు. సాగితే ఒకటో స్థాయి, కొంత తెగితే రెండు, పూర్తిగా తెగితే మూడు.

చీలమండకు బయటి వైపు ఇలాంటి పట్టీలు మూడు ఉంటాయి. పాదం కిందికి వంగి లోపలికి తిరిగినప్పుడు భారమంతా ముందున్న పట్టీ మీద పడుతుంది కాబట్టి ఎక్కువగా అదే మొదట తెగుతుంది. నాదీ అదే.

1 నుంచి 3వ రోజు

క్రేప్ కట్టును వేళ్ల మొదట్లో మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి, పై నుంచి కిందికి కాదు. నేను మొదటి రాత్రి బిగువుగా చుట్టుకుని పడుకుంటే, రెండు గంటలకు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. విప్పి వదులుగా చుట్టాను. కాలిని రెండు దిండ్ల మీద, గుండెకన్నా ఎత్తులో ఉంచాను. మంచును తువాలులో చుట్టి 15 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టాను.

ఈ మంచు గురించి ఒక్క మాట. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచూ పూర్తి విశ్రాంతీ మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని 2014లో తానే రాశారు. వాపు అనేది శరీరం మొదలుపెట్టిన మరమ్మతులో ఒక భాగమని అందులోని వాదం. నేను మంచును నొప్పి తగ్గడానికి మాత్రమే, రెండు రోజులు వాడి ఆపేశాను. సొంత సూత్రాన్ని సవరించుకున్న ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

మూడో రోజు నుంచే కాలిని కదపమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. తెగిన పట్టీలో కొత్తగా పుట్టే పోగులు మొదట గడ్డివాములో పరకల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి. ఓర్చుకోగలిగినంత లాగుడు తగిలితేనే అవి ఒక వరుసలో సర్దుకుంటాయి. బొటనవేలితో గాలిలో ఇంగ్లీషు అక్షరాలు రాయమన్నారు. నేను అ నుంచి బండి ఱ వరకు తెలుగు వర్ణమాల రాశాను. మన లిపిలో గీతలకన్నా సున్నాలు ఎక్కువ కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. 'ఋ' దగ్గర చెమట పట్టింది. 'క్ష' దగ్గర ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

వాపును కొలిచే పద్ధతి కూడా ఆ రోజే నేర్చుకున్నాను. దర్జీ టేపును చీలమండ, అరికాలు చుట్టూ ఇంగ్లీషు 8 అంకె ఆకారంలో తిప్పి కొలవాలి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి టేపు పట్టింది. ఎడమ కాలు 52.2 సెంటీమీటర్లు, కుడి కాలు 55.6.

5వ రోజు

నెత్తురు కమిలిన నీలం రంగు గిలక దగ్గర నుంచి వేళ్ల దాకా దిగింది. "ఏవండీ, విషం ఎక్కుతోందేమో" అని మా ఆవిడ కంగారు పడింది. లోపల కారిన రక్తం భూమ్యాకర్షణకు లోబడి కిందికి దిగడమే అది. రంగు నీలం నుంచి పచ్చకూ, పచ్చ నుంచి పసుపుకూ మారి వారం పైన పోయింది.

9వ రోజు

ఊతకర్ర వదిలేశాను. అసలు ప్రాజెక్టు ఈ రోజు మొదలైందనుకోవచ్చు. మూడు కొలతలు పెట్టుకున్నాను. మొదటిది గోడ పరీక్ష: మడమ నేలకు ఆనించే ఉంచి, మోకాలితో ఎదుటి గోడను తాకాలి. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉండగా తాకగలిగితే అది కొలత. అక్కడ పెరిగే ఒక్కో సెంటీమీటరుకు చీలమండ వంపు సుమారు మూడున్నర డిగ్రీలు పెరుగుతుంది. ఎడమ 11 సెంటీమీటర్లు, కుడి 3. రెండోది ఒంటికాలి మీద నిలవడం: కుడికాలి మీద కళ్లు తెరిచి 6 సెకన్లు, కళ్లు మూసుకుంటే నిలవనే లేదు; ఎడమకాలి మీద కళ్లు మూసుకుని 21 సెకన్లు. మూడోది ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం: ఎడమకాలితో 26 సార్లు, కుడికాలితో ఆ రోజు ప్రయత్నించలేదు.

ఆ రెండో కొలత నన్ను చాలా ఆలోచింపజేసింది. లిగమెంటు ఉత్త తాడు కాదు. అందులోని నరాల కొసలు పాదం ఏ కోణంలో ఉందో క్షణక్షణం మెదడుకు చెబుతుంటాయి. పట్టీ తెగినప్పుడు ఆ కబుర్లు కూడా తెగుతాయి. పాదం మడత పడబోతున్న క్షణంలో బయటి వైపు పిక్క కండరాలు దాన్ని వెనక్కి లాగాలి. కబురు ఆలస్యమైతే అవీ ఆలస్యంగానే లాగుతాయి. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణకడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంట్లోనే 8 వారాల పాటు ఒంటి నిలకడను పెంచే వ్యాయామాలు చేసిన క్రీడాకారుల్లో బెణుకు తిరగబెట్టడం తగ్గిందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2009లో చూపించారు. ఆ వ్యాయామాలకు ఊగే పలక ఒకటి కావాలి. బజారులో కొనవచ్చు. కానీ కొబ్బరి చెట్ల మధ్య ఉండి కొనడం ఏమిటనిపించింది.

11 నుంచి 17వ రోజు: పలక తయారీ

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను 40 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోయించాను. ఎండు కొబ్బరికాయను నడుమకు రంపంతో కోసి, కళ్లు లేని సగాన్ని తీసుకుని, పీచు గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి చిప్పలో నింపాను. పలక పై నుంచి నాలుగు స్క్రూలు దిగగొట్టి, వాటి కొసలు తడి సిమెంటులో మునిగేలా పలకను చిప్ప మీద బోర్లించాను. స్క్రూ తలలు పలక మట్టానికి కిందికి దిగేలా చూడాలి, లేకపోతే అరికాలికి గుచ్చుకుంటాయి. మూడు రోజులు తడి గోనె కప్పి ఉంచాను.

పలక చూడముచ్చటగా కుదిరింది గానీ పని చేయలేదు. చిప్ప వ్యాసార్థం 6, పలక వ్యాసార్థం 20. అంచు నేలకు తగిలే కోణపు సైను విలువ 6ను 20తో భాగిస్తే 0.3, అంటే 17 డిగ్రీల పైచిలుకు. రెండు వారాల కిందట తెగిన చీలమండకు అది చాలా ఎక్కువ. పైగా చిప్ప మా ఇంటి టైల్స్ మీద సబ్బు బిళ్లలా జారింది. నాలుగో రోజున నెర్రె ఇచ్చి చిప్ప ఊడిపోయింది. లెక్క ముందే వేసుకోవలసింది. లెక్కల మాస్టారై ఉండి చేశాక వేశాను.

ఆ పలకను చంకన పెట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇది పీట కాదండి మాస్టారూ, బొంగరమండి" అన్నారు. "బొంగరమే కావాలి బాబాయ్, కాకపోతే కొంచెం నెమ్మదైనది" అన్నాను. తుమ్మ కర్రను తరిమెన పట్టి 4 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అర్ధగోళం చేసి బిగించారు. ఇప్పుడు సైను విలువ 0.2, కోణం పదకొండున్నర డిగ్రీలు. గోళం అడుగున పంక్చర్లు వేసే సొల్యూషన్‌తో సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. జారడం ఆగిపోయింది. మొదటి వారం గోడ పక్కన వేసుకుని, రెండు కాళ్లతో నిలబడి, గోడకు రెండు వేళ్లు ఆనించి, అంచు నేలకు తగలకుండా ఊగడమే వ్యాయామం. ఒంటికాలితో ఎక్కడం ఆ తరువాత.

18వ రోజు, కనుమ

జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చిన్నప్పటి నుంచి తప్పకుండా వెళ్లేవాడిని. ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి, అలంకరించి, భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన కట్టడాలు) కౌశిక కాలువ దాటి, చేల గట్లు దాటి వస్తుంటే వెంట నడవడం ఒక ఆనందం. ఈసారి రోడ్డు మీదే ఆగి దూరం నుంచి దండం పెట్టుకున్నాను. చదును నేల మీద నడవగలగడం వేరు, బురద గట్టు మీద జనం తోపులాటలో నడవడం వేరు.

24వ రోజు: నా తప్పు

దీన్ని దాచకుండా రాయాలి. నాలుగు రోజులుగా నొప్పి లేదు. ముందు రోజు కొలతల్లో వాపు 52.8కి దిగింది, గోడ పరీక్ష 6.5కి చేరింది, కళ్లు తెరిచి ఒంటికాలి మీద 30 సెకన్లు నిలిచాను. ఇంట్లో చెప్పకుండా రాకెట్టు తీసుకుని కోర్టుకు వెళ్లి సగం గేమ్ ఆడాను. కాలు మడత పడలేదు, పడిపోలేదు. పక్కకు అంగ వేసి వెనక్కి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో పీకుతున్నట్టు అనిపించిందంతే. మరునాడు పొద్దున టేపు 54.1 చూపింది. గోడ పరీక్ష 5కి పడిపోయింది. మా అమ్మాయి ఆ అంకెలు రాస్తూ "నాన్నా, నిన్న ఏం చేశావు?" అని అడిగింది.

నోటుపుస్తకం వెనక్కి తిప్పి చూస్తే హెచ్చరిక అక్కడే ఉంది. ఆ ముందు రోజే కళ్లు మూసుకుంటే 5 సెకన్లు మాత్రమే నిలిచాను, మునివేళ్ల మీద కుడికాలితో 7 సార్లు మాత్రమే లేచాను. నొప్పి లేదన్న ఒక్క సంగతి పట్టుకుని ఆ రెండు అంకెలనూ పక్కన పెట్టాను. నడకకు సరిపోయేంత మానింది గానీ, ఆటకు కావలసినంత మానలేదు. వాపు మళ్లీ 52.9కి రావడానికి 33వ రోజు దాకా పట్టింది.

అప్పటి నుంచి ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలబద్దనే పాటించాను. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదింట మూడుకు మించకూడదు. మరునాడు పొద్దున వాపు గానీ బిగువు గానీ పెరిగి ఉండకూడదు. పెరిగితే ముందు రోజు చేసినది ఎక్కువైందని అర్థం.

34 నుంచి 55వ రోజు

ఈ మూడు వారాలూ రాయడానికి పెద్దగా ఏమీ లేని రోజులు. రోజూ అదే పని. మేడ మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి, నెమ్మదిగా మడమ దింపడం 3 విడతలు. సైకిల్ ట్యూబును మంచం కోడుకు కట్టి, పాదాన్ని బయటి వైపుకు లాగడం 3 విడతలు. బయటి వైపు పిక్క కండరాలకు ఇదే ముఖ్యమైన పని. పలక మీద ఒంటికాలితో నిలబడి, మా అమ్మాయి విసిరిన బంతిని పట్టుకోవడం 5 నిమిషాలు. బంతి మీద కన్ను ఉన్నప్పుడు కాలు తన పని తాను చేసుకోవడం నేర్చుకుంటుంది. ఆటలో జరిగేదీ అదే కదా.

40వ రోజున మడమలు ఆనించి గొంతుక్కూర్చోగలిగాను. గోడ పరీక్షలో ఆ రోజు 9 వచ్చింది. 8 దాకా మడమ లేచిపోయేది. నేల మీద పనులు చేసుకునే మన ఇళ్లల్లో ఈ ఒక్క సెంటీమీటరు విలువ ఎంతో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఈ మధ్యలో నా జోడీ ఆటగాడికి తొడ వెనుక కండరం పట్టేసి, నా పలక అరువడిగారు. తొడ వెనుక కండరానికి పలకతో పని లేదు. దానికి కండరం సాగుతూనే బరువు మోసే వ్యాయామాలు కావాలి. ఇంకొకాయన పాదం ఎముక మీద వేలితో చూపించగలిగే ఒకే ఒక్క చోట నొప్పి, ఆడిన కొద్దీ పెరుగుతోందని చెప్పారు. అది బెణుకు లక్షణం కాదు, ఎముకలో సన్నని పగులేమో చూపించుకోమన్నాను. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు బంగారు పతకం గెలిచింది ఎడమ కాలికి అలాంటి పగులుతోనే. దానివల్ల ఆమె ఆ ఏటి ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమై, తిరిగి 2023 జనవరిలో కోర్టులోకి వచ్చారు. ఇలాంటి పగులుకు మందు ఎముక మీద బరువు తగ్గించడమే. బెణుకుకు చేసే ఊగుళ్లూ గెంతుళ్లూ దానికి చేస్తే పగులు పెద్దది కావచ్చు.

56వ రోజు

గోడ పరీక్ష 10. కళ్లు మూసుకుని 17 సెకన్లు. మునివేళ్ల మీద 19 సార్లు. మొదటిసారి గెంతు కొలిచాను: ఒంటికాలితో ముందుకు గెంతి, అదే కాలి మీద కదలకుండా దిగాలి. ఎడమ 120 సెంటీమీటర్లు, కుడి 92, అంటే 77 శాతం. ఆటలోకి తిరిగి రావాలంటే మంచి కాలిలో కనీసం 90 శాతం ఉండాలనేది ఫిజియోలు సాధారణంగా పెట్టుకునే గీత. కాబట్టి కోర్టులోకి వెళ్లాను గానీ షటిల్ ముట్టలేదు. ఖాళీ కోర్టులో ఆరు మూలలకూ అడుగులు వేసి, మధ్యకు తిరిగి రావడం మాత్రమే చేశాను.

ఈ రోజే నా పాత బూట్లను జాగ్రత్తగా చూశాను. అవి పరుగు బూట్లు. మడమ కింద దళసరి మెత్త ఉండటం వల్ల పాదం నేలకు ఎత్తులో ఉంటుంది. పక్కకు అంగ వేసినప్పుడు అది బోల్తా పడటం సులభమవుతుంది. ఆరేళ్లు వాటితోనే షటిల్ ఆడాను. అడుగు పలచగా, వెడల్పుగా, రబ్బరు పట్టు ఉండే షటిల్ బూట్లూ, లేసులతో బిగించే చీలమండ బ్రేస్ ఒకటీ కొన్నాను.

70వ రోజు

గెంతు 102, అంటే 85 శాతం. సగం కోర్టులో సింగిల్స్ 15 నిమిషాలు, ఎగరకుండా. మరునాడు వాపు లేదు.

84వ రోజు

వాపు 52.4. గోడ పరీక్ష 10.5. కళ్లు మూసుకుని 20 సెకన్లు. మునివేళ్ల మీద 23 సార్లు. ఎడమకాలి 26కు ఇంకా మూడు తక్కువ, కాబట్టి మెట్టు వ్యాయామం కొనసాగుతుంది. గెంతు 110, అంటే 91 శాతం దాటింది. బ్రేస్ ఈ ఏడాదంతా ఆటలో వేసుకోవాలన్నారు. పలక మీద వారానికి మూడు రోజులు ఉంటాను; మిగతా రోజుల్లో దాన్ని మా అమ్మాయి వాడుకుంటోంది, టీవీ చూస్తూ.

ఈ ఉదయం డబుల్స్ ఒక గేమ్ పూర్తిగా ఆడాను. జోడీ ఆయనే. మొదలుపెట్టే ముందు ఇద్దరం వల దగ్గర నిలబడి ఒక ఒప్పందం చేసుకున్నాం: నడిమధ్యకు డ్రాప్ వస్తే ముందున్నవాడు "నాది" అని గట్టిగా అరవాలి, రెండోవాడు ఉన్న చోటే ఆగిపోవాలి. పన్నెండో పాయింటు దగ్గర అలాంటి డ్రాపే వచ్చింది. ఇద్దరం ఒకేసారి "నాది" అని అరిచి, ఇద్దరం ఆగిపోయాం. షటిల్ మా మధ్య నేల మీద పడింది. పాయింటు పోయింది.